రంగస్థల పద్యం - గాన శిక్షణ

ఉద్యోగపర్వంలోని శ్రీకృష్ణ రాయబారాన్ని నెల్లూరి కవి తిక్కన తెనిగించాడు. తిరుపతి వేంకట కవులు ‘పాండవోద్యోగ విజయాలు’ రచించి ఆ కథను రంగస్థలం ఎక్కించారు.

సినిమా పాటకు అలవాటుపడిన విద్యార్థి గళానికి ఈ నాటక పద్యం ఒక పరీక్ష. పాటను తాళం, వాద్యబృందం నడిపిస్తాయి. తాళం లేని పద్యానికి హార్మోనియం శ్రుతి, ఛందస్సు, భావం ఆధారాలు. అందుచేత గురువు మొదట పద్యాన్ని రాగం లేకుండా చదివించాలి. పదవిభాగం, అన్వయం తేటపడిన తరువాతనే రాగం నేర్పాలి. తెలుగు పద్యంలో యతి అక్షరమైత్రికే గాని విరామానికి కాదు. కాబట్టి అర్థం ముగిసిన చోటనే ఊపిరి తీసుకోవాలి. ఆలాపన పాత్ర మనఃస్థితికి తగినంతే ఉండాలి.

రాయబారి కోరేది సంధి, చప్పట్లు కావు. ఆ మాట సభకు అందకపోతే గానం ఎంత మధురమైనా నాటకం ఓడిపోతుంది.