పెట్రోలు ధరలో దాగిన లెక్క

కువైట్‌లో పనిచేసే మనవాళ్ళు సెలవుకు వచ్చినప్పుడు, అక్కడ పెట్రోలు ఎంతో చవక అని చెబుతుంటారు. చమురు దొరికే దేశం గనుక చవక అని మనం అనుకుంటాం. మరి నార్వేలోనూ 1969లో సముద్రగర్భాన పెద్ద చమురు నిక్షేపం బయటపడింది. అయినా పెట్రోలు బాగా ఖరీదైన దేశాల్లో అదొకటి!

ప్రపంచ విపణిలో ముడిచమురు ధర అందరికీ ఇంచుమించు ఒక్కటే. తేడా తెచ్చేవి ముఖ్యంగా ప్రభుత్వాలు వేసే పన్ను, ఇచ్చే రాయితీ. కువైట్ తన రాబడిలో కొంత వదులుకొని ప్రజలకు తక్కువకు అమ్ముతుంది. నార్వే పెట్రోలుపై భారీగా పన్ను వేస్తుంది. చమురు రాబడిని రాబోయే తరాల కోసం నిధిలో దాస్తుంది. మన దేశంలో కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం వ్యాట్ వేస్తాయి. కాకినాడ కన్నా యానాంలో పెట్రోలు చవక కావడానికి కారణం ఈ వ్యాట్ తేడాయే.

అయితే చవకకూ వెల ఉంది. నైజీరియా ఏళ్ళ తరబడి రాయితీ ఇచ్చి, ఆ భారం మోయలేక 2023 మే నెలలో ఎత్తివేసింది. కొద్ది రోజుల్లోనే ధర రెండింతలు దాటింది. బండి లేని పేదవాడు కూడా బస్సు చార్జీలో, సరుకుల ధరలో ఆ బరువు మోయవలసి వచ్చింది.

కనుక ధర ఎంత అని మాత్రమే గాక, ఆ డబ్బు ఎవరి నుండి వచ్చి ఎవరికి చేరుతున్నదో కూడా మనం తెలుసుకోవాలి.