చిట్టెలుకకు ఉబ్బసం తెప్పించడం ఎందుకు?

చిట్టెలుకలకు మనలా ఉబ్బసం దానంతటది రాదు. అందుకే శాస్త్రవేత్తలు కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్ ప్రొటీన్‌ను ముందు సూదితో ఎక్కిస్తారు. ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. కొన్నాళ్లకు దాన్నే తుంపరగా పీల్పిస్తే, ఊపిరితిత్తుల్లోకి ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి వాపు తెస్తాయి.

మనకు ఉబ్బసం గుడ్డుసొన పీల్చడం వల్ల రాదు కదా, మరి ఇది దొంగ జబ్బు కాదా అని అడగొచ్చు. నిజమే, అందుకే ఇప్పుడు ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగుల సారాన్నీ వాడుతున్నారు. అయినా పాత పద్ధతి వృథా కాలేదు. ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రొటీన్ లేని ఎలుకల్లో ఇసినోఫిల్స్ అలా పోగుపడవని 1996లో తేలింది. ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే మెపోలిజుమాబ్ అనే మందు ఉబ్బస రోగులందరికీ పనిచేయలేదు. ఇసినోఫిల్స్ ఎక్కువున్న తీవ్ర ఉబ్బస రోగులకు మాత్రం మేలుచేసి, 2015లో అమెరికాలో అనుమతి పొందింది. ఎలుక దారి చూపుతుంది. తీర్పు చెప్పాల్సింది మనుషుల్లో జరిగే పరీక్షలే.