తేటనీరెల్ల మంచినీరు కాదు
ద్రావణములకును ఇతర మిశ్రమములకును గల భేదము

నీటి సరఫరాను తనిఖీచేయు అధికారులు సాధారణముగా గాజుపాత్రలో నీటిని పట్టిచూచి, తేటగా నున్నయెడల తృప్తి నొందుచుందురు. ఈ పరీక్ష ఆవశ్యకమే కాని చాలినది కాదు. నీటిలో పరపదార్థములు ముఖ్యముగా మూఁడు విధములుగా కలిసియుండును. ఏ పదార్థము ఏ విధముగా కలిసినదో యెఱిఁగిననే కాని దానిని తొలఁగించు ఉపాయము తెలియదు.

రాయపూరు పట్టణమున 1892 సంవత్సరమున, నందగాఁవ్ సంస్థానాధిపతియగు రాజా బలరామదాసుగారి ద్రవ్యసాహాయ్యముతో జలసరఫరా యేర్పాటు జరిగి, ఖారూను నదీజలము ప్రజలకు లభించెను. వర్షకాలమున నట్టి నదీజలమును ఒక కడవలో పట్టి యుంచినచో పైని జెప్పిన మూఁడు విధములును క్రమముగా బోధపడును.

మొదటిది అవలంబనము. ఇసుకయు ముతక యొండ్రును నీటి కదలికచేతనే తేలాడుచుండును. నీరు నిలిచినంతనే అడుగునకు దిగును. దీనికి నిలువతొట్టియు కొంతకాలమును చాలును.

రెండవది కలిలము. ఇసుక దిగిన పిమ్మటను నీరు మసకగనే యుండును. అందలి బంకమట్టి రేణువులు మిక్కిలి సూక్ష్మములు. అవి ఋణవిద్యుత్తు గలవై యొండొంటిని త్రోసికొనుచు దినముల తరబడి దిగకుండును. గుడ్డతో వడకట్టినను నిలువవు. చీఁకటిగదిలో నిట్టి నీటిగుండ దీపకిరణమును పంపినచో దాని త్రోవ స్పష్టముగా కానవచ్చును. పటికను కలిపినచో రేణువుల విద్యుత్తు శమించి, అవి గుంపులుగా గూడి, పటికనుండి పుట్టిన జిగురువంటి అల్యూమినియం హైడ్రాక్సైడులో చిక్కుకొని దిగును. కడవలో చిల్లగింజను అరగఁదీసి నీటిని తేర్చు పూర్వాచారమునకును రేణువులను గుంపుగూర్చుటయే ప్రయోజనము.

మూఁడవది ద్రావణము. ఉప్పువంటి పదార్థము కరఁగినప్పుడు అయానులుగా విడిపోయి నీటియందంతటను సమముగా వ్యాపించును. అది నిలువయుంచినను దిగదు, ఇసుకలో వడపోసినను నిలువదు, కంటికిని కనఁబడదు. రాయపూరు ప్రాంతమువంటి సున్నపురాతి నేలలయందు నూతినీరు సబ్బునకు నురుఁగు నీయకుండుటకు కరఁగియున్న కాల్షియమే ముఖ్యహేతువు. అందు బైకార్బొనేటువలన కలిగిన కఠినత్వము మరగించినచో తెట్టెగట్టి తొలఁగును. సల్ఫేటువలన కలిగినది తొలఁగదు.

కఠినత్వము అసౌకర్యము మాత్రమే. కరఁగినది విషమైనచో కలుగు హాని దారుణము. రాయపూరునకు నీటి సదుపాయము చేయించిన రాజుగారి సంస్థానము పేరు వహించిన నాటి రాజనందగాఁవ్ జిల్లాలోనే, అంబాగఢ్ చౌకీ ప్రాంతపు భూగర్భజలమున ఆర్సెనిక్ అను విషమున్నట్లు 1999లో ప్రకటింపఁబడెను. ఈ విషము కరఁగిన నీటికి రంగుగాని, రుచిగాని, వాసనగాని లేవు. దీర్ఘకాలము త్రాగినవారికి చర్మముపై మచ్చలును, అరచేతులయందు అరికాళ్లయందు కాయలును ఏర్పడును. కాలక్రమమున పుట్టకురుపును కలుగవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన పరిమితి లీటరునకు 0.01 మిల్లీగ్రాము, అనఁగా పదిలక్షల లీటర్లకు 10 గ్రాములు. మరగించినందువలన నీ విషము పోదు. నీరు ఆవిరియైనకొలఁది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును.

రోగక్రిములు ద్రావణములు కావు, అతిసూక్ష్మమగు రేణువులు. ఐనను నీరు తేటగా కనఁబడుచుండఁగనే అవి లెక్కకు మిక్కిలిగా నుండవచ్చును. వీనికి మరగించుటయు, క్లోరినును తగిన ప్రతిక్రియలు. 10,000 లీటర్ల నీరుగల నూతికి లీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున 20 గ్రాముల క్లోరిన్ వలయును. నూటికి 25 పాళ్ల క్లోరిన్ గల బ్లీచింగు పొడి యైనచో 80 గ్రాములు పట్టును. ఆ పొడియు పూర్తిగా కరఁగునది కాదు. కావున ముందుగా ముద్దగా కలిపి, పిమ్మట నీరుపోసి, సున్నము అడుగునకు దిగిన తరువాత పైతేటను మాత్రమే నూతిలో కలుపవలయును. ఒక గంట గడచిన పిమ్మట లీటరునకు 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలియుండవలెను. బురదనీటిలో క్లోరిన్ వ్యర్థమగును గనుక మొదట నీటిని తేర్చుట ముఖ్యము.

కావున తనిఖీ పుస్తకమున తేటదనము, మిగిలిన క్లోరిన్, రసాయన పరీక్షాఫలితము అను మూఁడు విషయములును వేఱువేఱుగా వ్రాయవలసియున్నది. మొదటిది బాగుగా నున్నదని తక్కిన రెంటిని ఖాళీగా విడువరాదు. క్రొత్త చేతిపంపును రసాయన పరీక్ష కాకమునుపు ప్రజల కొప్పగింపరాదు. విషము కనఁబడిన పంపును వెంటనే మూయించి, పరీక్షింపఁబడిన మఱియొక జలాధారమును ఆ గ్రామమునకు చూపవలయును. మూసివేయుటతో మాత్రమే విధి ముగిసినదని తలఁచినచో, దాహముగొన్నవారు మరల నా పంపునొద్దకే పోవుదురు.