చిన్న కార్డు - పెద్ద జ్ఞాపకం

ఒక ఊళ్ళో ఒక అక్క ఉంది. ఆమె కొడుకు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. ఒక రోజు రాత్రంతా పెళ్ళిలో పని చేసి తెల్లవారి ఇంటికి వచ్చాడు. చొక్కా విప్పి దండెం మీద వేసి పడుకున్నాడు. అక్క ఆ చొక్కాను సబ్బు నీళ్ళలో నానబెట్టింది. ఉతికేటప్పుడు జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూసింది. తపాలా బిళ్ళంత నల్లని ముక్క. అది కెమెరాలో పెట్టే మెమరీ కార్డు!

అక్క గుండె ఝల్లుమంది. పెళ్ళి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. తాళి కట్టిన ఘడియ మళ్ళీ రాదు కదా! పెళ్ళివారికి ఏం జవాబు చెప్పాలి?

కొడుకును లేపింది. అతను కంగారుపడి కార్డును కెమెరాలో పెట్టలేదు. మంచినీళ్ళతో సబ్బు పోయేలా కడిగాడు. పొడి గుడ్డతో మెల్లగా అద్దాడు. నీడలో, గాలి తగిలే చోట రెండు రోజులు ఆరబెట్టాడు. తర్వాత కంప్యూటరులో పెట్టి చూశాడు. ఫోటోలన్నీ ఉన్నాయి. అక్క ఊపిరి పీల్చుకుంది.

కార్డు ఎందుకు బతికింది?

పాటల క్యాసెట్టు చూశారు కదా. అందులో రీలు తిరుగుతుంది. తెగుతుంది, చిక్కు పడుతుంది. మెమరీ కార్డులో తిరిగేది ఏదీ లేదు. లోపల పలుచని చిప్పు ఉంటుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ కవచం. చిప్పులో కంటికి కనపడని చిన్న చిన్న గదులు కోట్ల కొద్దీ ఉంటాయి. ఫోటో ఆ గదుల్లో విద్యుత్తు రూపంలో నిలుస్తుంది. కరెంటు తీసేసినా పోదు.

ఇలాంటి చిప్పు గురించి 1984లో జపాను ఇంజనీరు ఫుజియో మసువోకా లోకానికి తెలియజేశాడు. ఇప్పుడు కెమెరాల్లో ఎక్కువగా వాడే ఎస్.డి. కార్డును 1999లో మూడు కంపెనీలు కలిసి తయారు చేశాయి. దాని పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24 మిల్లీమీటర్లు. సెల్ ఫోనులో పెట్టే కార్డు ఇంకా చిన్నది. పొడవు 15, వెడల్పు 11 మిల్లీమీటర్లే. మన వేలి గోరంత!

అయస్కాంతం దగ్గర పెడితే కార్డు పాడవుతుందని కొందరు అంటారు. ఆ భయం క్యాసెట్టుకు ఉంది. కార్డుకు లేదు.

మరి ఎలా పాడవుతుంది?

పలక మీద రాస్తాం, తుడుస్తాం. మళ్ళీ రాస్తాం. ఏళ్ళ తరబడి అలా చేస్తే పలక అరిగిపోతుంది. కార్డూ అంతే. రాసి చెరిపిన కొద్దీ అరుగుతుంది. ఇంట్లో ఫోటోలు తీసుకునే వాళ్ళకు కార్డు ఏళ్ళ తరబడి వస్తుంది. దుకాణాల్లో కాపలా కెమెరాలు రాత్రీ పగలూ రాస్తూనే ఉంటాయి. వాటి కార్డు తొందరగా అరుగుతుంది.

అరగకుండానే పాడు చేసేది మన తొందరపాటు. ఫోటో తీయగానే కెమెరాలో చిన్న దీపం మినుకుమంటుంది. కార్డు మీద రాస్తున్నానని దాని అర్థం. అప్పుడు కార్డు లాగితే ఆ ఫోటో పోవచ్చు. ఒక్కోసారి అన్నీ పోవచ్చు. దీపం ఆరాక, కెమెరా ఆపి, అప్పుడు తీయాలి.

మోసం కూడా ఉంది. కొన్ని నకిలీ కార్డుల మీద ఎక్కువ చోటు ఉందని రాసి ఉంటుంది. లోపల అంత ఉండదు. నిండాక కొత్త ఫోటోలు నిలవవు. అందుకే నమ్మకమైన దుకాణంలో, బిల్లు తీసుకుని కొనండి.

పొరపాటున ఫోటోలు చెరిపితే?

పుస్తకం ముందు విషయసూచిక ఉంటుంది. సూచిక చించినా లోపలి పేజీలు ఉంటాయి. ఫోటో చెరిపినప్పుడు చాలాసార్లు ముందు పోయేది సూచికే. కాబట్టి ఆ కార్డుతో ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. తీస్తే పాత పేజీ మీద కొత్తది రాసినట్టే. వెంటనే కార్డు బయటికి తీసి, పని తెలిసిన వాళ్ళకు చూపించండి. చాలాసార్లు ఫోటోలు దొరుకుతాయి.

గుర్తుంచుకోండి

- కార్డు వెనుక పసుపు రంగు రేకులను వేలితో ముట్టకూడదు. దుమ్ము పడితే పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. నోటితో ఊదకూడదు. తడి తగులుతుంది.
- కార్డు ఎక్కకపోతే బలవంతంగా నెట్టకూడదు. తిప్పి చూడాలి.
- వంచకూడదు. ఎండలో, పొయ్యి దగ్గర పెట్టకూడదు. డబ్బాలో పెట్టాలి.
- తడిసిన కార్డును ఆరకుండా ఫోనులో, కెమెరాలో పెట్టకూడదు.
- కెమెరా కార్డు పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని కిందికి జరిపితే తాళం వేసినట్టే. కెమెరా దాని మీద రాయదు, చెరపదు.
- అన్నిటికన్నా ముఖ్యం: ఫోటోలు రెండు చోట్ల ఉండాలి. కార్డు శాశ్వతం కాదు. బాగా కావలసిన ఫోటోను కాగితం మీద కూడా అచ్చు వేయించండి.

అక్క ఇప్పుడు జేబులు వెతికి గానీ బట్టలు నానబెట్టదు. కొడుకు పెళ్ళి నుంచి రాగానే ఒకే మాట అడుగుతుంది.

"రెండో చోట పెట్టావా నాయనా?"

"పెట్టానమ్మా" అన్నాకే అన్నం వడ్డిస్తుంది.

ఆలోచించండి - చెప్పండి

1. మీ ఇంట్లో పోగొట్టుకోలేని ఫోటో ఏది?
2. అది ఇప్పుడు ఎన్ని చోట్ల ఉంది?