కంటిపాప చెప్పే కబురు

పక్షవాతం వచ్చి స్పృహ తప్పిన మనిషి పిలిస్తే పలకడు. నొప్పి వున్నదని చెప్పలేడు. అటువంటి రోగి మెదడులో ఏం జరుగుతున్నదో పైకి తెలిపే గుర్తులు కొన్నే. వాటిలో కంటిపాప ఒకటి.

ఆసుపత్రిలో నర్సు గంటగంటకూ వచ్చి, రెప్పలెత్తి, టార్చిలైటు వేసి చూసి, కాగితంమీద రాసుకొని పోతుంది. "మందివ్వదు, సూదివెయ్యదు, ఊరికే లేపడమెందుకు?" అని ఇంటివాళ్లు విసుక్కోవడం కద్దు. ఆమె చేస్తున్నది కాపలా.

ఒక కంట్లో వెలుగు పడితే రెండు పాపలూ ముడుచుకోవాలి. వెలుగు కబురు మెదడు కాండానికి చేరి, అక్కడినుంచి నరాల ద్వారా రెండు కళ్లకూ తిరిగివస్తుంది. పెద్ద పక్షవాతంలో మెదడు వాస్తుంది. పుర్రె సాగేది కాదు. వాచిన భాగం చోటు చాలక పక్కకూ కిందికీ జరిగి, పాపను ముడిచే నరాన్ని నొక్కుతుంది. అప్పుడు సాధారణంగా ఆవైపు పాప పెద్దదై, వెలుగుకు చలించకుండా వుండిపోతుంది. ఈ వాపు తరచుగా రెండవ రోజుకూ అయిదవ రోజుకూ మధ్య ముదురుతుంది. మొదటిరోజు గడిస్తే గండం గడిచిందనుకోరాదు.

1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు స్పృహను అంకెలలో కొలిచే పద్ధతి ఏర్పరచారు. 2018లో దానికి కంటిపాపల లెక్క కూడా జోడించారు. టార్చివెలుగులో ఇద్దరు చూస్తే రెండు మాటలు చెప్పవచ్చు. అందుకని పాప కదలికను కొలిచే యంత్రాలూ వచ్చాయి. అవి 0నుంచి 5వరకు అంకె ఇస్తాయి. 3కన్న తగ్గితే డాక్టర్లు జాగ్రత్తపడతారు.

అయితే పాప తీరు అర్థం కావాలంటే రోగి వెనకటి సంగతులు తెలియాలి. అవి చెప్పవలసింది ఇంటివాళ్లే. నల్లగొండనుంచి నాగార్జునసాగరం పోయే దారిలోని హాలియానే తీసుకోండి. చుట్టూ సాగర్ ఎడమకాలువ కింద వరిపొలాలు. పురుగుమందు కొట్టివచ్చిన మనిషి పడిపోతే, కొన్ని మందులవల్ల పాపలు సూదిమొనలంత అవుతాయి. మెదడు కాండంలో రక్తం చిమ్మినా అంతే! పొలంనుంచి వచ్చాడన్న ఒక్కమాట డాక్టరుకు దారి చూపుతుంది. శుక్లాల ఆపరేషన్ అయిన కంట్లో పాప సరిగా కదలకపోవచ్చు. కంటిచుక్కలు వేసినా తేడా రావచ్చు. ఇవన్నీ అడగకముందే చెప్పాలి.

పాప మారిందని వెంటనే గుర్తిస్తే, వాపు తగ్గించే మందులిస్తారు. తగిన రోగులకు పుర్రె ఎముక కొంత తీసి మెదడుకు చోటిస్తారు. ఆలస్యమైతే ఆ అవకాశం జారిపోతుంది.

అయినా పాప పెద్దదవడం ఆలస్యంగా వచ్చే గుర్తు. అందాకా రానివ్వకూడదు. మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు కోసం పరుగెత్తకుండా 108కి ఫోను చెయ్యండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటలలోపల పడాలి. హాలియానుంచి నల్లగొండకో హైదరాబాదుకో చేరేసరికి అందులో ఎంత మిగులుతుందో లెక్కవేసుకోండి!