కొల్లేరు నడిబొడ్డున నిలబడి కొల్లేరెక్కడని వెతుక్కోవడం

చలికాలం మొదలైతే ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద బయటి ఊళ్ళ కార్లు ఎక్కువవుతాయి. హైదరాబాదు నుంచి కుటుంబాలొస్తాయి. తాడేపల్లిగూడెం నుంచి ఎన్‌ఐటీ కుర్రాళ్ళు బైకులేసుకొని వస్తారు. అందరి ఫోన్లలోనూ దాదాపు ఒకటే ఫోటో: కనుచూపు మేర నీళ్ళు, మీద పల్చగా మంచు, రెక్కలు చాపిన గూడబాతుల గుంపు. తీరా వచ్చాక కనపడేది రోడ్డుకి రెండు పక్కలా మట్టి గట్లు, గట్ల లోపల నలుచదరపు చేపల చెరువులు, కోళ్ళ ఎరువు వాసన, ఐసు లారీలు, కాలవ నిండా గుర్రపుడెక్క. ఆటపాకలో పడవెక్కితే పక్షులైతే ఉంటాయి, కానీ వాటి గూళ్ళు చాలావరకు అటవీశాఖ పాతిన ఇనప స్టాండ్ల మీద ఉంటాయి. ఇంతేనా అనుకుంటూ వెళ్ళిపోతారు. ఇంటికెళ్ళాక రెండు స్టార్లిచ్చి, ఫోటోలు చూసి మోసపోవద్దని రాస్తారు.

వాళ్ళను నేను తప్పు పట్టను. ఒక డిసెంబరులో ఫీల్డ్‌వర్క్‌కి వెళ్తూ మా అక్క కూతుర్ని కూడా తీసుకెళ్ళాను. ఏడో తరగతి చదువుతోంది. గంటసేపు గట్ల మీద తిరిగాక, "పిన్నీ, సరస్సు ఇంకా ఎంత దూరం?" అని అడిగింది. అప్పటికి మేం సరస్సు మధ్యలోనే ఉన్నాం. బండి నడుపుతూ దానికి సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

నిరాశపడ్డ సందర్శకులు సాధారణంగా రాసే రెండో మాట ఒకటుంది: "లోకల్ జనం పాడుచేశారు." నా అభ్యంతరం ఆ మాట మీదే. ఏ లోకల్ జనం?

ముందు సరస్సు సంగతి. కొల్లేరు లోతైన సరస్సు కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లపు పళ్ళెం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితోపాటు డెల్టా మురుగు కాలవలన్నీ అందులోకే దిగుతాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరే, అది బంగాళాఖాతంలో కలుస్తుంది. అందుకే వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో చిక్కిపోతుంది. దాని విస్తీర్ణం ఎంతంటే ఏ మట్టం దగ్గర అని ఎదురు ప్రశ్న వేయాలి. సముద్ర మట్టానికి పదడుగుల ఎత్తు గీత వరకు కొలిస్తే 901 చదరపు కిలోమీటర్లు. 2002 ఆగస్టులో రామ్‌సర్ జాబితాకెక్కింది ఈ లెక్కే. ఐదడుగుల గీత వరకైతే 308. మూడడుగుల వరకైతే సుమారు 135. ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన "కాంటూరు" అనే మాటకి అర్థం ఇదే. ఐదో గీతకీ మూడో గీతకీ మధ్య తేడా రెండడుగులే, కానీ ఆ రెండడుగుల్లో వేల ఎకరాలుంటాయి. కొల్లేటి రాజకీయమంతా ఆ గీతల మధ్యే నడిచింది.

నీళ్ళు తీసినప్పుడు బయటపడే ఆ నేలలో ఎక్కువ భాగం ఎవరి పట్టా కాదు, సర్కారు పోరంబోకు. సరస్సు లోపల 46 లంక గ్రామాలు, చుట్టూ అంచున మరో 76 గ్రామాలు ఉన్నాయని చెబుతారు. లంకల్లో వడ్డీలు మావులు పెట్టి, వలలు వేసి చేపలు పట్టేవాళ్ళు. మాల, మాదిగ పేటల వాళ్ళకి అందులో తుంగ, కిక్కిస, పశువుల మేత, వంటచెరకు, నత్తలు, మట్టగిడసలు, నేల ఆరినప్పుడు కాస్త వరి. ఇవేవీ లెక్కల పుస్తకంలో ఆదాయంగా కనపడవు. కానీ డెల్టాలో సెంటు భూమి లేని కుటుంబానికి ఆసామి గుమ్మం ముందు నిలబడకుండా పొయ్యి వెలిగే రోజులంటే అవే. మాగాణి అంతా ఆధిపత్య కులాల చేతిలో ఉన్న ప్రాంతంలో పోరంబోకు అంటే పనికిరాని నేల కాదు, కూలికి పోనని చెప్పగలిగే ఆసరా.

ఆ ఆసరా పోయింది ఒక సంక్షేమ పథకంతో. చదివేవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో కొల్లేటి కథలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులతోనూ ఇతర బలహీనవర్గాలతోనూ సహకార సంఘాలు పెట్టించి, సరస్సు నేలలో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. మొత్తం దాదాపు ఐదు వేల ఎకరాలు. ఉద్దేశం మంచిదే. గట్టు వేశారు, సొసైటీకి పేరు పెట్టారు, సభ్యుల జాబితా రాశారు. మరి పెట్టుబడి? చేపపిల్లలు కొనాలి, తవుడు కొనాలి, చెక్క కొనాలి, నీళ్ళు తోడే ఇంజనుకి డీజిలు కావాలి, ఏడాది పొడుగునా కాపలా కావాలి. చేప పెరిగి డబ్బు చేతికొచ్చేదాకా సభ్యుల ఇల్లు గడవాలి. పట్టా లేని సభ్యుడికి బ్యాంకు అప్పివ్వదు. ఇచ్చేవాడు పక్కనే ఉన్నాడు. డెల్టా వరిలో మిగిలిన డబ్బు, బ్యాంకులో పలుకుబడి, తాలూకాఫీసులో మాట చెల్లుబడి మూడూ ఉన్న పెద్దమనిషి. చెరువు లీజుకి తీసుకుంటానన్నాడు. ఏడాదికింతని ఒక్కో సభ్యుడి చేతిలో పెట్టాడు. జాబితాలో పేర్లు మారలేదు, గట్టు మీద మాత్రం మనుషులు మారారు.

అసైన్డ్ భూమి బదిలీని నిషేధించే చట్టం 1977లోనే వచ్చింది. ఆ చట్టం దృష్టిలో అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీయే. అయినా తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఈ పద్ధతి పని చేస్తుందని తేలాక ఇక సొసైటీలతో అవసరం కూడా లేకపోయింది. 80ల్లో, 90ల్లో పేదల పేరు మీదో, ఏ పేరూ లేకుండానో కొత్త గట్లు లేచాయి. కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి ఉపగ్రహ చిత్రాల్లో సుమారు వంద చదరపు కిలోమీటర్ల మేర చేపల చెరువులే. మా అక్క కూతురికి సరస్సు కనపడకపోవడానికి కారణం నీళ్ళు లేకపోవడం కాదు. నీళ్ళన్నీ గట్ల వెనక, ఎవరో ఒకరి లీజులో ఉన్నాయి.

ఆ గట్ల మీద మన పేటల వాళ్ళు లేరని కాదు, ఉన్నారు. చెరువులో వరసగా పాతిన వెదురు గడలకి సంచులు వేలాడుతుండటం చూస్తే బయటివాళ్ళకి ఏమిటో అర్థం కాదు. అవి మేత సంచులు. తవుడు నింపి, సంచికి కింద చిల్లులు పెట్టి నీళ్ళలోకి దించితే చేపలు వచ్చి తింటాయి. తెల్లారుజామున పడవలో వెళ్ళి వాటిని నింపి కట్టేది కూలివాళ్ళే. గట్టు మీద పాకలో కాపలా పడుకునేదీ, పట్టుబడి రోజున నడుముల్లోతు నీళ్ళలో వల లాగేదీ వాళ్ళే. బొచ్చె, శీలావతి చేపల్ని ఐసులో సర్దించుకొని కోల్‌కతాకీ ఈశాన్య రాష్ట్రాలకీ పోయే లారీలు నింపేదీ వాళ్ళే. ఒకప్పుడు తమ అవసరానికి చేప పట్టుకున్న చోటే ఇప్పుడు కూలికి పడుతున్నారు. తాగేనీళ్ళేమో టిన్నుల్లో కొనుక్కుంటారు.

అభయారణ్యం వచ్చాక

1999 అక్టోబరులో ప్రభుత్వం జీవో 120తో ఐదో కాంటూరు వరకు, అంటే 77 వేల ఎకరాలకు పైగా, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. గీత లోపల సర్కారు భూమి ఉంది, జిరాయితీ ఉంది, డీ-ఫారం పట్టాలు ఉన్నాయి, సొసైటీ చెరువులు ఉన్నాయి, బినామీ చెరువులు ఉన్నాయి. కాగితం మీద అన్నీ ఒకే రంగు. తర్వాత సుప్రీంకోర్టు సాధికార కమిటీ ఆదేశాలతో 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరిట పొక్లెయిన్లు దిగి గట్లు తెగ్గొట్టాయి. పర్యావరణం వైపు నుంచి చూస్తే అది అవసరమే, ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. సరస్సుకి ఊపిరాడాలంటే గట్లు పోవాల్సిందే. కానీ నష్టం ఎవరికి ఎంతని చూడాలి. లీజుదారుడికి ఒకటి రెండు పంటలు పోయాయి. అతనికి పైన మాగాణి ఉంది, వేరేచోట చెరువులున్నాయి. కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చి గట్టు వేయగలిగాడు కూడా. సొసైటీ సభ్యుడికి పోయింది ప్రభుత్వం తన పేరుమీద ఇచ్చిన ఒకే ఒక్క ఆస్తి. ఏటా వచ్చే ఆ కాస్త లీజు డబ్బూ ఆగింది, గట్టు మీద కూలీ ఆగింది. చాలామంది ఊళ్ళు విడిచి పనులకి వలసపోయారు.

ఆ వెంటనే 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని తీర్మానం చేసింది. అదీ పేదల పేరుతోనే. కుదిస్తే 43 వేల ఎకరాలకు పైగా అభయారణ్యం నుంచి బయటికొస్తుంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఆ కుదింపుని సమర్థించలేదు. మనవాళ్ళలో కూడా కాంటూరు తగ్గిస్తే మన భూమి మనకొస్తుందని నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళ ఆకలి నాకు అర్థమవుతుంది, కానీ ఆ వాదనతో ఏకీభవించలేను. 1976లో ఐదు వేల ఎకరాలు ఇచ్చినప్పుడు ఏం జరిగిందో చూశాం. పెట్టుబడి ఎవరి చేతిలో ఉందన్నది మారకుండా 43 వేల ఎకరాలు వదిలితే అది ఎవరి చేతికి పోతుందో ఊహించడం కష్టం కాదు.

పక్షుల మాట

ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు ఒక పెద్ద గూడబాతుల కాలనీని లోకం దృష్టికి తెచ్చాడు. అప్పట్లో అక్కడ దాదాపు మూడు వేల గూడబాతులు గూళ్ళు పెట్టుకునేవి. 1975 నాటికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. తర్వాత ఆటపాకలో గూడబాతులు మళ్ళీ కుదురుకున్నాయి. అవి గూడు పెట్టేది అటవీశాఖ స్టాండ్ల మీద, తినేది చాలావరకు చుట్టుపక్కల చెరువుల్లో చేపల్ని. అందుకే కొన్నిచోట్ల చెరువుల మీద దారాలు కడతారు, టపాసులు పేలుస్తారు. ఆ టపాసు పేల్చేది కూడా కాపలా కూలీయే. పడవలోంచి ఫోటో తీసుకునే సందర్శకుడికి పక్షిని తరిమేవాడుగా కనపడేది అతనే. చెరువు ఎవరిదో ఆ ఫోటోలో పడదు.

ఇప్పుడు కొల్లేరు గురించి ఎక్కడ మాట్లాడినా ఎకో టూరిజం అనే మాట వినిపిస్తోంది. బోట్లు, కాటేజీలు, వాచ్ టవర్లు. టూరిస్టు కంటికి ఇంపుగా ఉండాలంటే ముందు ఏం తీసేస్తారు? గుర్రపుడెక్క తీస్తారు, గట్టు మీద పాకలు తీస్తారు, మావులు తీస్తారు. పెద్ద చెరువు తీయడానికి కోర్టు కావాలి, పాక తీయడానికి ఒక గార్డు చాలు.

ఈ సందర్భంలో కార్యకర్తలు, న్యాయ విద్యార్థులు పట్టుకోవాల్సిన చట్టం ఒకటుంది. గట్లు తెగిన కొన్ని నెలలకే, 2006 డిసెంబరులో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అది మన్యానికీ ఆదివాసులకీ సంబంధించిందని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఆ చట్టంలో "అటవీ భూమి" నిర్వచనంలోకి అభయారణ్యాలు కూడా వస్తాయి. సముదాయ హక్కుల్లో నీటివనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద హక్కుని పేరుపెట్టి చెప్పింది. ఆదివాసులు కానివాళ్ళు కూడా, 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఉండి ప్రధానంగా దాని మీదే బతుకుతున్నామని చూపగలిగితే, హక్కు అడగొచ్చు. ఆ అడగడం మొదలయ్యేది గ్రామసభలో. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని కూడా ఉంది. ఇది లీజు చెరువుల్ని కాపాడదు, కాపాడకూడదు కూడా. లంకలో మావు పెట్టుకునే వడ్డీ కుటుంబానికీ, తుంగ కోసుకునే మాల, మాదిగ కుటుంబాలకీ మాత్రం పనికిరావచ్చు. 75 ఏళ్ళ రుజువు కష్టమే. పాత సర్వే రికార్డులు, సొసైటీ సభ్యత్వ జాబితాలు, ఊరి పెద్దల వాంగ్మూలాలు ఇప్పటినుంచే పోగుచేయాలి. ఆ పెద్దవాళ్ళు ఇంకెన్నాళ్ళో ఉండరు.

మళ్ళీ వెళ్ళేవాళ్ళకి చెప్పాల్సింది కొంచెమే. నవంబరు, ఫిబ్రవరి మధ్య, పొద్దున్నే వెళ్ళండి. ఒక్క ఆటపాక చూసి తిరిగి రాకుండా ఏదో ఒక లంక దాకా పోయి, ఈ చెరువు ఎవరి పేరు మీద ఉంది, ఎవరు చేస్తున్నారు అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. వేర్వేరు జవాబులొస్తాయి.

ఆరోజు తిరుగుదారిలో మా పిల్ల మేత సంచులు లెక్కపెడుతూ కూచుంది. రెండొందలు దాటాక లెక్క తప్పింది. అవన్నీ రోజూ ఎవరు కడతారని అడిగింది. దూరంగా పడవలో వంగి ఉన్న ఇద్దరిని చూపించాను. బండి ఆపమంది. ఆపాను. చాలాసేపు అటే చూసింది గానీ ఫోను తీయలేదు.