బుర్ర కోసం ఒక బుర్రకథ

మీ అబ్బాయి పదో తరగతికి వచ్చాడా? అయితే "గంజాయి జోలికి వెళ్తే కాళ్ళు విరగ్గొడతాను" అని ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. నా దగ్గరికి వైద్యానికి వచ్చిన ఒక కుర్రవాడూ ఆ మాట విన్నవాడే. "తంతామన్నారు గానీ, తాగితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. అప్పటికే ఏడాదిగా తాగుతున్నాడు.

బెదిరింపు మరచిపోతారు, తాము కట్టిన పాట మరచిపోరు. అందుకే బడిలో పిల్లలచేత బుర్రకథ కట్టించండి. కథకుడు మెదడు సంగతి చెప్పాలి. దాని ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ దాకా సాగుతుంది. ఆలోగా గంజాయి అలవాటైతే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి లేని మాటలు వినిపించే మానసిక వ్యాధి రావచ్చు. వైట్‌నర్ వంటివి పీలిస్తే మొదటిసారే గుండె ఆగిపోవచ్చు.

హాస్యం చెప్పే వంత "ఒక్కసారికి ఏమవుతుందిరా!" అనాలి. రెండో వంత జవాబివ్వాలి. ఆ జవాబు పిల్లలే సైన్సు మాస్టారినీ, డాక్టరునూ అడిగి రాసుకోవాలి. రేపు వీధి చివర స్నేహితుడు అదే మాట అంటే జవాబు నోటికి వస్తుంది.

ఒక జాగ్రత్త. మత్తు ఎక్కడ దొరుకుతుందో, ఎలా వాడతారో కథలో రానివ్వకండి. అలవాటు పడినవాణ్ణి నవ్వులపాలు చెయ్యకండి. వాడు ప్రేక్షకుల్లోనే కూర్చుని ఉండవచ్చు. ఇది జబ్బనీ, వైద్యం ఉందనీ, 14446కు ఉచితంగా ఫోను చెయ్యవచ్చనీ చెప్పి కథ ముగించండి.